మా అత్తయ్య పిలిపించిన అంబులెన్సు

మా ఆయన పోయాక నాకు సలహా చెప్పని మనిషి కోకాపేటలో ఎవరైనా మిగిలి ఉంటే, వాళ్ళు మా అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎక్కనివాళ్ళే అయి ఉండాలి. నడవండి, మనసు తేలికవుతుంది. నీళ్ళు బాగా తాగండి. నానబెట్టిన బాదంపప్పు తినమని ఒకావిడ, బాదం అసలు ముట్టుకోవద్దని ఇంకొకావిడ. ఇద్దరూ ఒకే లిఫ్టులో, మధ్యలో నేను. వాళ్ళు వాదించుకుంటుంటే, మొగుడు పోయింది నాకా, బాదంపప్పుకా అని అడిగేద్దామనుకున్నాను. ఈలోగా మా అంతస్తు వచ్చేసింది, దిగిపోయాను.

ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తయ్యా. నాది కాకినాడ. ఆవిడది ఇక్కడే, ఈ అద్దాల మేడలు లేవకముందు నుంచీ. మాట్లాడేది ఇద్దరం తెలుగే అయినా, మా మధ్య దుబాసీ మా ఆయనే. పెళ్ళయిన కొత్తలో ఓ పొద్దున ఆవిడ వచ్చి "పానం మంచిగున్నదా బిడ్డా?" అంది. నేను హడలిపోయి గదిలోకి పరిగెత్తి, "మీ అమ్మగారు నా ప్రాణం సంగతి ఎందుకండీ అడుగుతున్నారు?" అన్నాను. ఆయన మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వారు. "పానమంటే ఒళ్ళే. ఒంట్లో బాగుందా అని అడుగుతుంది, అంతే" అన్నారు. ఒంటికీ ప్రాణానికీ కలిపి ఒకటే మాట పెట్టుకున్న మనుషుల్ని అదే చూడ్డం.

ఈ ఎండాకాలం ఆయన ఆఫీసులో కుర్చీలోనే పోయారు, గుండె ఆగి. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరి ఒళ్ళు ఎవరికీ పట్టలేదు. నాకు బీపీ, ఆవిడకి షుగరు. ఆవిడ మాత్రలు మానేసింది. పరీక్ష చేయిద్దాం రండి అంటే ససేమిరా. "కొడుకే పోయినంక నాకెందుకు పరీక్షలు? ఎన్నొద్దులుంటె అన్నొద్దులు" అనేది. పోనీ నేను బుద్ధిగా ఉన్నానా అంటే, అదీ లేదు. మాత్రల డబ్బా చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. కానీ ఆవిడ మీద మాత్రం నిఘా పెట్టేదాన్ని. ఆవిడా పడిపోతే, ఆయన్ని పొట్టి లాగులో చూసిన మనిషి ఇక నాకు దొరకదు. ఆ భయం నన్ను తినేస్తుండేది.

భోజనాల దగ్గర మా భాగోతం చూడాలి. "తిను బిడ్డా." "మీరు తినండి అత్తయ్యా." "నువ్వు తింటె తింట." "మీరు తింటే తింటాను." అన్నం చల్లారిపోయేది, ఇద్దరం పీట మీంచి లేచేవాళ్ళం. ఎదురుగా ఆయన కుర్చీ ఉంటే నాకు ముద్ద దిగేది కాదు మరి.

అయితే ఎలా బతికున్నావే అంటే, మిరపకాయ బజ్జీల మీద! నేను పనిచేసే ఆఫీసు గేటు దాటగానే బండి ఉంది. అక్కడ నుంచుని ఎన్ని తింటున్నానో నాకే తెలిసేది కాదు. ఆ బండి చుట్టూ ఉన్నవాళ్ళకి నేను మొగుడు పోయినదాన్నని తెలియదు. ఉల్లిపాయ ఎక్కువ వెయ్యమని దెబ్బలాడే మేడమ్‌ని, అంతే. ఆ కాసేపూ ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

ఓ మధ్యాహ్నం ఫోను టేబుల్ మీదే వదిలేసి బజ్జీలకి వెళ్ళాను. ఆ కాసేపట్లోనే అత్తయ్య వరసపెట్టి ఫోన్లు చేసింది. ఎవరెత్తుతారు? ఇక లాభం లేదని మా ఆఫీసు రిసెప్షన్‌కి చేసింది. ఆ కుర్చీలో ఉన్నది విశాఖ నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. అత్తయ్య చెప్పింది ఇంతే: "మా కోడలి పానం మంచిగ లేదు బిడ్డా. పొద్దుగాల నుంచి ఏం తినలే. ఫోన్ ఎత్తుతలేదు. జర సూడుండ్రి." ఆ పిల్ల ప్రాణం అనే మాట ఒక్కటి పట్టుకుంది. మేడమ్ ప్రాణం మీదికి వచ్చిందని గావుకేక పెట్టింది.

ఇంకేముంది! సెక్యూరిటీ వాళ్ళు అంతస్తులన్నీ గాలించారు. ఒక్కపూట సెలవడిగితే సవాలక్ష ప్రశ్నలు వేసే మా మేనేజరు, లేడీస్ టాయిలెట్ బయట నిలబడి ఏడుపు గొంతుతో నా పేరు పెట్టి అరిచాడట. ఈలోగా ఎవరో పిలిచిన అంబులెన్సు, చివరికి నన్ను వెతుక్కుంటూ వచ్చి బజ్జీల బండి ముందు ఆగింది.

"పడుకోండి మేడమ్!" అంది స్ట్రెచర్ తెచ్చిన నర్సు.

"నాకేమైందమ్మా?"

"మాకూ తెలీదు మేడమ్. ముందు పడుకోండి."

"నా నూనె ఇయ్యాల్టిదే సార్! నా బజ్జీలు తిని ఎవ్వలకు ఏం కాలే!" అని బండివాడు మా మేనేజరు చెయ్యి పట్టుకుని మొత్తుకుంటున్నాడు. నోట్లో సగం బజ్జీ ఉండగానే నన్ను పడుకోబెట్టేశారు. చుట్టూ మా టీమంతా. సిగ్గుతో చచ్చాను.

నర్సు ముసిముసిగా నవ్వుకుంటూనే చేతికి బీపీ పట్టీ చుట్టింది. మిషన్ చూసింది. నవ్వడం మానేసింది. రెండో చేతికి చుట్టి మళ్ళీ చూసి, "రోజూ మాత్ర వేసుకుంటున్నారా మేడమ్?" అంది. నేను నోట్లో బజ్జీ గుటుక్కున మింగాను. సైరన్ వేశారు.

నేను ఆసుపత్రిలో మంచమెక్కిన కాసేపటికే అత్తయ్య ఆటోలో వచ్చేసింది. అప్పటికే నాకు కోపం నషాళానికి ఎక్కి ఉంది. "ఆఫీసులో నా పరువు తీసేశారు కదండీ!" అని విరుచుకుపడ్డాను.

"పరువు వోతె మల్లొస్తది తియ్" అంది ఆవిడ, నా కాళ్ళ దగ్గర కూలబడుతూ.

డాక్టరు వచ్చి, ఈ బీపీతో ఇంకో రెండు రోజులు ఇలాగే తిరిగి ఉంటే పక్షవాతమే వచ్చేదేమో అని చెప్పి వెళ్ళాడు. నర్సు మాత్ర ఇచ్చింది. నాకు మొండితనం వచ్చేసింది. "ఈవిడ షుగరు మాత్ర వేసుకుంటేనే నేను ఇది వేసుకుంటాను" అన్నాను. నర్సు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

అత్తయ్య నా కాళ్ళ మీద దుప్పటి సర్దింది. తర్వాత నెమ్మదిగా అంది.

"ఆ రోజు నేను వానికి గూడ ఫోన్ జేసిన. తిన్నవా అని అడుగుదామని. ఎత్తలే. పనిల ఉన్నడేమో, పరేషాన్ జెయ్యొద్దనుకొని గమ్మున కూసున్న. ఇయ్యాల నువ్వెత్తకపోతే నాతోటి గట్ల కూసునుడు కాలే."

నాకు కళ్ళు నిండిపోయి ఆవిడ కనబడలేదు. మాత్ర మింగేశాను.

ఆవిడ జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని నర్సు ముందు చాపింది. "ఇగ నాది గూడ సూడు బిడ్డా. దీన్ని సూసుకునేటందుకు నేనుండాలె గద."