మిగిలిన బోల్టు

మా బాపు ఆదిలాబాద్‌లో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో ఫిట్టర్. ఏ యంత్రాన్ని విప్పి బిగించినా చివర్లో ఒకటో రెండో బోల్టులు మిగిలేవి. వాటిని జేబులో వేసుకొని, "కంపెనోడు ఎక్కువ పెట్టిండు" అని తేల్చేసేవాడు. యంత్రం తిరిగేది. తిరగకపోతే తప్పు పత్తిది. నేను ఈ శాస్త్రాన్ని నమ్మి పెరిగాను.

ఇంటర్ తర్వాత విమానాల రిపేరు చదువుకు హైదరాబాద్ పోయాను. వాడకట్టు వాళ్లంతా నేను పైలట్ అవుతున్నాననుకున్నారు. అవ్వ వాళ్ల మాట కాదనలేదు. నేను అవ్వ మాట కాదనలేదు. పరీక్షలన్నీ పాసయ్యాను, కొన్ని మొదటిసారే. ఇక లాగ్‌బుక్ ఒకటి ఉంది. విమానం మీద చేసిన ప్రతి పనినీ అందులో రాసి, లైసెన్సు ఉన్న ఇంజనీరు చేత సంతకం పెట్టించుకోవాలి. ఆ సంతకాలన్నీ నిండితేనే మన లైసెన్సుకు దరఖాస్తు. నాకు ఒక్క సంతకం తక్కువ.

ఆ సంతకం కోసమే ఒకరోజు మధ్యాహ్నం, ఎయిర్‌పోర్టులో ఒక విమానం రెక్క కింద ఒక పైపును పట్టి ఉంచే క్లాంపు మార్చాను. ఇంజనీరు వచ్చి లోపల చూసిన తర్వాతే మూత వేయాలి. నేను ఉత్సాహం కొద్దీ మూత కూడా బిగించేశాను. చూస్తే ట్రేలో ఒక బోల్టు ఉంది. నా చెయ్యి నన్ను అడక్కుండానే దాన్ని జేబులో వేసింది. వంశపారంపర్యం.

ఇంజనీరుది కరీంనగర్. సంతకానికి పెన్ను మూత తీసి పట్టుకునే వచ్చాడు.

"అయిందా?"

"అయింది సార్."

"అన్నీ బిగించినవా?"

సాయంత్రం ఆ విమానం దుబాయ్ పోవాలి. మా జిల్లాలో బోథ్ వైపు వాళ్లు ఒక్కరైనా ఎక్కకుండా దుబాయ్ విమానం లేవదు. పైగా ఇక్కడ తప్పును పత్తి మీదికి నెట్టే వీలు లేదు.

"ఒకటి మిగిలింది సార్."

"మిగులుడేందిరా? పెండ్లి బువ్వనా మిగలనీకి?"

"కంపెనోడు ఎక్కువ..."

"ఏ కంపెనోడు? నంబరియ్యి, జర మాట్లాడుత."

జేబులోంచి బోల్టు తీసిచ్చాను. ఆయన మూత విప్పించాడు. రెండు బోల్టులు ఉండాల్సిన క్లాంపు ఒక్కదానితో వేలాడుతోంది. ఆయన పెన్నుకు మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. విమానం గంట ఆలస్యమైంది. నా లైసెన్సు ఎంత ఆలస్యమవుతుందో ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం బాపుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"చెప్పకుంటె సంతకం పెట్టేటోడు గదా?"

"పెట్టేటోడే."

"మరి?"

"గా విమానంల మనోళ్లుంటరు బాపు."

మిల్లు చప్పుడుకు దూరంగా నడిచి, "యాడిది గా బోల్టు?" అన్నాడు.

"రెక్క కింద."

"అయితె చెప్పుడే మంచిది," అన్నాడు, ఎవరి ముందో తప్పు ఒప్పుకున్నట్టు.

పదిహేను రోజుల తర్వాత అలాంటి పనే మళ్లీ ఇచ్చారు. ఈసారి మూత జోలికి పోకుండా ఇంజనీరు కోసం నిలబడ్డాను. ఆయన టార్చి వేసి లోపల చూశాడు, ట్రే చూశాడు.

"ఏమన్న మిగిలిందా?"

"ఏం లేదు సార్."

పెన్ను తీసే ముందు నా జేబులు రెండూ తిరగేసి చూపించమన్నాడు. చూపించాను. సంతకం పెట్టాడు.