మూడు మడతల ఇంగ్లీషు

సిద్దిపేటల నేను పనిచేసిన బట్టల దుకాణం సేటు, తువ్వాలలు మడుచుకుంటనే ఇంగ్లీషు నేర్చిండు. ఒక్కో మడతకు ఒక్కో మాట: "గో, వెంట్, గాన్." "ముసలితనంల గీ సదువేంది సేటూ?" అని గిరాకులు నవ్వితే నాకు ఒళ్లు మండేది. నేను గూడ బడి మొఖం చూడకుంటనే నాలుగు అక్షరాలు నేర్చుకున్నోన్ని మరి!

ఒకనాడు సేటు మనుమరాలు, "నీకు ఇంగ్లీషు రాదు, మా బడి మీటింగుకు రాకు తాతా" అన్నదట. అయినా ఆయన నన్ను తోడు తీస్కొని పోయిండు. తీరా టీచరమ్మ ముందట, మడత పెట్టంది ఇంగ్లీషు రాని సేటు తువ్వాల కోసం అటిటు చూసిండు. బల్ల మీది గుడ్డ లాగిండు. పెన్నులన్నీ కిందపడ్డయి. మూడు మడతలు పెట్టి, "ఐ కేమ్ టు సీ మై గ్రాండ్ డాటర్" అన్నడు.

పిల్ల ఉరికొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నది. "టీచర్, గీయన మా తాత! ఇంట్ల గూడ గిట్లనే చదువుతడు."