ఫోల్క్‌మార్ కట్టిన చప్పుడు లేని కంప్యూటరు

జర్మనీలోని కాసెల్ ఊళ్ళో ఎవరి గది వెచ్చబడకపోయినా ఫోల్క్‌మార్ వీగాండ్‌కే కబురు వెళ్తుంది. గది వెచ్చబడడానికి కిటికీ కింద ఎంత వేడినీళ్ళ రేడియేటరు పెట్టాలో గుమ్మంలో నిలబడే చెప్పేస్తాడు. ముప్పై ఏళ్ళ అనుభవం. ఆ అనుభవమే తన కొంప ముంచిందని ఇప్పుడు తనే చెప్పుకుని నవ్వుతాడు.

చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేయాలని అతని భార్య రోజ్వితకు ఎన్నాళ్ళుగానో కోరిక. అలాంటి పుస్తకాలు తయారుచేసే సంస్థకు నమూనా రెండుసార్లు పంపితే, వెనక ఏదో హోరు వినిపిస్తోందని రెండుసార్లూ తిప్పి పంపారు. శుక్రవారంలోగా పంపే మూడోదే ఆఖరు. ఆ హోరు ఆమె రికార్డు చేసే కంప్యూటరుది. పైపుల పటాలు గీయడానికంటూ దాన్ని ఫోల్క్‌మారే కట్టాడు. నిజానికి సాయంత్రాలు కుర్చీలోంచి లేవకుండా లారీ ఆటలో నార్వే అంతా తిరగడానికే వాడతాడు.

"నీళ్ళతో చల్లబరుస్తా. ఆ నీళ్ళ వేడి లాగే రేడియేటరు ఎంత పెద్దదైతే ఫ్యాన్లు అంత నెమ్మదిగా తిరుగుతాయి. చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది చూడు!" అన్నాడు.

మూడు ఫ్యాన్లు పట్టే పొడవు, అరవై మిల్లీమీటర్ల మందం ఉన్నది తెప్పించాడు. ఇంతటివాడు చిన్నది కొంటే పరువేం కావాలి? కంప్యూటరు పెట్టెను టేపుతో మూడుసార్లు కొలిచాడు. బుధవారం రేడియేటరు పెట్టె పైభాగంలో చక్కగా అమరింది.

రొట్టెకు వెన్న రాస్తున్న రోజ్విత, "మరి ఫ్యాన్లెక్కడ పెడతావు?" అంది.

రేడియేటరు కిందే. వాటి మందం ఇరవై అయిదు మిల్లీమీటర్లు. అది లెక్కలోకే రాలేదు. బిగించబోతే ఫ్యాన్లు వెళ్ళి మదర్‌బోర్డు మీద కూర్చున్నాయి.

"ఇళ్ళల్లో రేడియేటర్లకి ఫ్యాన్లుండవు కదా..." అని గొణిగాడు.

"నీ ముప్పై ఏళ్ళ అనుభవాన్ని కూడా అందులోనే కుక్కినట్టున్నావు. చోటెలా చాలుతుంది!"

మర్నాడు పరువు దిగమింగుకుని ముప్పై మిల్లీమీటర్లది తెచ్చాడు. శుక్రవారం పొద్దున నీళ్ళు నింపితే చుక్క కారలేదు. పెట్టెకు చెవి ఆనించినా చప్పుడు లేదు. రోజ్విత తలుపు వేసుకుని చదివింది.

అరగంట తరవాత అతన్ని లోపలికి పిలిచి వినిపించింది. మూడో పేజీ దగ్గర ఆమె గొంతు వెనక ఏదో సణుగుడు. నీళ్ళు తిప్పే పంపా? ఫ్యానా? ఫోల్క్‌మార్ మొహం పాలిపోయింది. రోజ్విత శబ్దం పెంచింది.

"అన్నయ్యా, అసలు ఉలుకూ పలుకూ లేదనుకో! ముప్పై మిల్లీమీటర్లు చాలని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా..."

తలుపవతల నిలబడి ఫోనులో అతను కొట్టుకున్న గొప్పలే.

"ఇప్పుడు నీ చప్పుడు ఆపడానికి ఏ సైజు రేడియేటరు పెట్టాలయ్యా, మహానుభావా?" అంది రోజ్విత. నవ్వబోయింది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అతనికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. మళ్ళీ మొదట్నుంచి చదవమని చెప్పి, ఫోను ఆమె బల్ల మీద పెట్టేసి, తలుపు మూసి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. కింది వాటా పెద్దావిడ పైకి వస్తూ, "వీగాండ్ గారూ, మా వంటింటి రేడియేటరు వేడెక్కట్లేదండీ. పెద్దది వేయించాలంటారా?" అనడిగింది.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఫోల్క్‌మార్ సలహా చెప్పలేదు. పెదవుల మీద వేలు పెట్టుకుని, వెనక మూసి ఉన్న తలుపు చూపించాడు.