లోపలి అర్రలో పలికిన దొరసాని

1949, ఫాల్గుణ మాసం, బుధవారం, పగలు మూడు గంటలు. ఉన్నవారు: నేను (సూర్యాపేట తహసీలు కచేరీ గుమాస్తాను), ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేల్ రామయ్య, గడిలో పనిచేసే లచ్చవ్వ.

నా డైరీలో ఆనాటి పుట పై మాటలతో మొదలవుతుంది. ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే అక్కడి నుంచి లేచిపోయే మనిషిని నేను. ఉద్యోగం విరమించి ఇన్నేళ్లయినా అంతే.

తిరుమలగిరి దారిలోని ఆ గడిని, అంటే కోటలాంటి దొరల ఇంటిని, హైదరాబాదు జాగీర్దారు ఒకరు కట్టించారు. ఆయన నుంచి దేశ్‌ముఖ్ దొరకు, దొర పోయాక ఆయన భార్య రుక్కమ్మ దొరసానికి వచ్చింది. ఆమె కూడా అప్పటికి మూడేళ్ల కిందే పోయింది. తర్వాత కొన్నాళ్లు దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు, కొన్నాళ్లు మిలిటరీ వాళ్లు ఉన్నారు. ఇక సర్కారు వంతు. గదులకు సీలు వేసి రమ్మని నన్ను పంపారు.

లచ్చవ్వ ఆడబాప. అంటే పెళ్లికూతురి వెంట పుట్టింటివాళ్లు పంపిన పనిపిల్ల. రుక్కమ్మకూ ఆమెకూ అప్పుడు ఎనిమిదేళ్లు. ఒకరి జడ ఒకరు వేసుకుంటూనే ముసలివాళ్లయ్యారట. నేను వెళ్లేనాటికి లచ్చవ్వకు కుడిచెయ్యి పడిపోయింది. తల రేగిపోయి ఉంది. పోవడానికి మరో ఇల్లు లేదు. యజమాని ఇంటివాళ్లు ఉంటే వాళ్ల గదికి సీలు వేయకుండా వదలాలి, ఒక్క పనివాళ్లే ఉంటే బయటికి పంపాలి అని ఉత్తర్వు.

పద్ధతి ప్రకారం గడప దగ్గర నిలబడి దస్త్రంలోని ఇంటివాళ్ల పేర్లు చదవాలి. పలికినవాళ్లనే రాయాలి. నేను పొరపాటున పాత దస్త్రం తెరిచాను. జాగీర్దారు పేరు చదివాను, దొర పేరు చదివాను. పటేల్ పకపకా నవ్వాడు.

“ఏంది గుమాస్తా సాబ్, సచ్చినోళ్లకు హాజరేస్తున్రా?”

సిగ్గుపడి ఆపేలోపే తర్వాతి పేరు నోట్లోంచి వచ్చేసింది.

“రుక్కమ్మ.”

“ఉన్న.”

లోపలి అర్రలోంచి, మెల్లగా, ఆడగొంతు. లచ్చవ్వ నా ఎదురుగానే ఉంది. ఆమె పెదవులు కదలలేదు. పటేల్ నవ్వు ఆగిపోయింది. వెళ్లి తలుపు తీశాం. కిటికీ లేని గది. ఒక మంచం, ఒక దువ్వెన.

“గంత బీరిపోయిండ్రేంది?” అంది లచ్చవ్వ, కొయ్యబారిన మమ్మల్ని చూసి. “నన్ను ఎల్లగొడ్తరని దొరసాని పరేషానయితాంది. రాసుకో బిడ్డా.”

పలికినవాళ్లను రాయాలి కదా, రాశాను. ఆ ఒక్క అర్ర వదిలి మిగతా గదులన్నిటికీ సీలు వేశాం.

“పెద్ద దర్వాజకు తాళమేసుకొని పోండ్రి. నాకు తోడున్నది” అంది లచ్చవ్వే. తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను.

తెల్లవారి, అబద్ధం రాశానన్న బాధతో, ఆ పేరు కొట్టేద్దామని వెళ్లాను. తాళం నేనే తీశాను. సీళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. లచ్చవ్వ నావైపు వీపు పెట్టి లోపలి వాకిట్లో ఎండలో కూర్చుంది. నూనె పెట్టి, నున్నగా దువ్వి, మూడు పాయలు బిగించి అల్లిన జడ. ఒంటిచేత్తో ఎవరూ అలా వేసుకోలేరు.

ఎవరు వేశారో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ రోజూ అడగలేదు. కలానికి మూత పెట్టి, ఆ పేరు అలాగే ఉంచి, కచేరీకి వచ్చేశాను.