గ్యాస్ అన్నది నేనే

ఆరో తరగతి మూడేళ్లు చదివి బడి మానేసినవాణ్ణి. నేను డాక్టరునైతే ఊరు ఖాళీ అవుతుందని మా మాస్టర్లు అప్పుడే కనిపెట్టినట్టున్నారు. అయినా మా వాషర్‌మెన్‌పేట్ వీధిలో ఛాతీ పట్టుకున్న ప్రతివాడికీ గ్యాసేనని తేల్చేవాణ్ణి. మందు అల్లం సోడా.

మా అక్క మొగుడు జార్జి టౌన్‌లో మూటల బండి లాగేవాడు. వారం రోజులుగా నాలుగు మెట్లెక్కితే ఆగిపోతున్నాడు. "ఏంది బావా, కడుపులో సోడా ఫ్యాక్టరీ పెట్టినావా?" అంటే నవ్వేవాడు. ఆ పొద్దున నవ్వలేదు. ముఖమంతా చెమట. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను.

చీటీ రాసే కిటికీ దగ్గర ఏం బాధని అడిగారు. బావ నోరు తెరిచేలోపే నేను "గ్యాస్" అన్నాను. ఆ ఒక్క మాటతో మమ్మల్ని కడుపునొప్పి వరుసలో కూర్చోబెట్టారు. ఛాతీనొప్పి గది అదే వరండా చివర ఉంది. గంటన్నర సేపు జోకులు చెబుతూ కూర్చున్నాను. బావ వింటున్నాడనే అనుకున్నాను.

ఛాతీనొప్పి గది నర్సమ్మ మధ్యమధ్యలో మిగతా వరుసలన్నీ చూసిపోతుందట. బావ ముందు ఆగింది.

"ఏం పెద్దాయనా, యాడ నొప్పి?"

"గ్యాసమ్మా, సోడా తాగితే..." అని మొదలుపెట్టాను.

"నువ్వు సుమ్మా గమ్మునుండప్పా. నొప్పి నీకా, ఆయనకా? పెద్దాయనా, నువ్వు చేత్తో చూపించు."

బావ పిడికిలి బిగించి ఛాతీ నడుమ పెట్టుకున్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. చీటీ చూడలేదు, వరుస చూడలేదు. చక్రాల కుర్చీ తెప్పించి లోపలికి తీసుకెళ్లి, ముందు ఈసీజీ తీయించింది.

తర్వాత బయటికొచ్చి నాతో అంది: "ఈడికొచ్చేవాళ్లు శానామంది గ్యాసనే చెప్తారప్పా. అందుకే మేము మాట నమ్మం, చెయ్యి చూస్తాం."

బావ బతికాడు. గుండెలో కొంత భాగం చచ్చిపోయిందనీ, ఇంకాస్త ముందు చూసుంటే అంత పోయేది కాదనీ డాక్టరు అన్నారు. ఇప్పుడు గుమ్మం దాకా నడిచి, ఆయాసంతో కూలబడతాడు. వీధిలో మూటల బండి చప్పుడైతే ముఖం లోపలికి తిప్పుకుంటాడు.

ఒకరోజు ఉండబట్టలేక అక్కతో అన్నాను: "నేను తీసకపోబట్టే కదక్కా, బావ ఈరోజు ఈడ కూర్చోనుండాడు."

అక్క ఏరుతున్న బియ్యంలోంచి తల ఎత్తలేదు.

"తీసకపోయినావు లేరా. ఆయన నొప్పి ఆయన్ని చెప్పుకోనిచ్చుంటే, నీ సొమ్మేం పోయుండును?"