పెద్దమ్మ సబ్బుల కంపెనీ షేర్లు

నా చిన్నప్పుడు మా పెద్దమ్మ నేర్పిన ఒక సంగతిని మా వాళ్ళకు చెప్పాలని నేను ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను. పెళ్ళిళ్ళలో మొదలుపెడితే భోజనాలకు లేచిపోయారు. ఉత్తరం రాస్తే అందలేదన్నారు. ఈమధ్య మా చెల్లెలు స్వచ్ఛంద ఉద్యోగ విరమణ చేసింది. వచ్చిన డబ్బును కంప్యూటర్ కంపెనీల షేర్లలో పెడితే ఏటా డివిడెండు వస్తుందా, అది ఏటేటా పెరుగుతూ అమ్మ ఖర్చులకు సరిపోతుందా అని దాని కూతురు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో అడిగింది. నేను అరగంట కూర్చుని జవాబు రాశాను. దాని కింద ఎవరో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నారు. తరువాత మా అన్నయ్య “కళ్ళు మూసుకుని పెట్టమ్మా” అని ఒక్క ముక్క రాస్తే పదకొండు మంది మెచ్చుకున్నారు. అందుకే ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడైతే మధ్యలో లేచిపోయేవాళ్ళు నాకు కనపడరు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఎనభైల్లో మేము నల్లపాడులో ఉండేవాళ్ళం. నాన్న గుంటూరులో ఒక మిర్చి కొట్లో గుమాస్తా. పెద్దమ్మ చాలా ఏళ్ళు ఒక మిషన్ హాస్టల్లో ఆడపిల్లలకు మేట్రన్‌గా పనిచేసి, ఉబ్బసం ముదరడంతో మానేసింది. పెన్షను లేదు, పిల్లలు లేరు. మా ఇంటి వెనకగదిలో అద్దెకు ఉండేది. అద్దెకు అని కావాలనే రాశాను. చెల్లెలి ఇల్లే అయినా నెల మొదట్లో వచ్చి, నాన్న వద్దంటున్నా డబ్బు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, కాఫీ తాగి వెళ్ళేది. ఆ కుర్చీలో ఆమె కూర్చునే తీరు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. వీపు ఆనించి, కాలు మీద కాలు వేసుకుని, ఎవరికీ ఏమీ బాకీ లేని మనిషిలా కూర్చునేది.

కుట్టుపనితో ఆమెకు రోజు గడిచేది. అద్దెకూ, చలికాలం మందులకూ మాత్రం పెదనాన్న పోతూ వదిలిన షేర్లే ఆధారం. ఆయన ఎరువుల డిపోలో ఉండగా పై ఆఫీసరు చెప్పాడని ఒక సబ్బుల కంపెనీ షేర్లు కొన్నాడట. ఏటా తొలకరి పడ్డాక ఆ కంపెనీ నుంచి పొడుగాటి కవరులో డివిడెండు వారంటు, అంటే లాభంలో ఆమె వాటాకు బ్యాంకులో మార్చుకునే చెక్కు లాంటి కాగితం, వచ్చేది. పెద్దమొత్తమేమీ కాదు. అయితే ముందటేటి కంటే ఎప్పుడూ తగ్గలేదు, దాదాపు ప్రతి ఏడూ ఎంతో కొంత పెరిగింది. మందుల ధర పెరిగితే కవరులో డబ్బు కూడా పెరిగేది. ఆమెకు ఇంగ్లీషు రాదు కాబట్టి కవరు విప్పి చదివే పని నాది. ‘డివిడెండ్’ అనే ఇంగ్లీషు మాటను నేను చదవడం కంటే ముందు దాని ఆకారంతో గుర్తుపట్టడం నేర్చుకున్నాను.

అన్నయ్య నాకంటే పదేళ్ళు పెద్ద. గుంటూరు బ్రాడీపేటలో ఒక టీవీల షాపులో పనిచేసేవాడు. ఆ రోజుల్లో టీవీలు తయారుచేసే కంపెనీ ఒకటి కొత్తగా షేర్లు అమ్మకానికి పెట్టింది. ముందు ముందు కంప్యూటర్లు కూడా చేస్తామంది. షాపు ఓనరు అప్లికేషన్ల కట్ట తెచ్చి పనివాళ్ళకు పంచాడు. ఎక్కువ నింపించినవాణ్ణి కౌంటరులో కూర్చోబెడతానన్నాడు. ఈ సంగతి నాతో చెప్పింది అన్నయ్యే. ఇప్పుడు అడిగితే గుర్తులేదంటాడు. నాకు మాత్రం ఆ రోజు అతను వేసుకున్న చొక్కా గళ్ళు కూడా గుర్తున్నాయి.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక అన్నయ్య పెద్దమ్మను కూర్చోబెట్టి మొదలుపెట్టాడు. “జనం సబ్బు ఎంతని రుద్దుకుంటారు పెద్దమ్మా? రోజుకు నాలుగుసార్లు స్నానం చేస్తారా? అదే టీవీ అయితే ఇంటికొకటి కావాలి. ఆ సబ్బులవి అమ్మేసి ఇందులో పెట్టు.”

“అదంతా సరేలేరా. ఏటా ఏమన్నా పంపుతారా వీళ్ళు?”

“పంపకేం? సబ్బులోళ్ళ కంటే ఎక్కువే పంపుతారు. ఏటేటా పెంచుతారు కూడా.”

పెద్దమ్మ నాన్న వైపు చూసింది. “వాడు ఆ లైన్లోనే ఉన్నాడు కదా వదినగారూ, వాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?” అన్నాడు నాన్న.

నేను ఈలోగా అన్నయ్య తెచ్చిన అప్లికేషన్ కాగితాలు ముందూ వెనకా తిప్పి, నాకు తెలిసిన ‘డివిడెండ్’ మాట కోసం వెతికాను. కనపడలేదు. అదే అన్నాను. “ఏడో క్లాసులో ఇంగ్లీషు తప్పినోడివి, నువ్వా నాకు చెప్పేది? పోయి పెద్దమ్మకు మంచినీళ్ళు తేపోరా” అన్నాడు అన్నయ్య. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నేను నీళ్ళు తెచ్చేసరికి పెద్దమ్మ సంతకాలు పెట్టేసింది. ఆ నెలలోనే అన్నయ్య కౌంటరులో కూర్చున్నాడు.

మరుసటి ఏడు తొలకరి పడింది. పెద్దమ్మ కుట్టుమిషను గుమ్మం దగ్గరకు జరుపుకుని పోస్టుమాన్ కోసం చూసేది. చాలా రోజులకు ఒక లావుపాటి కవరు వచ్చింది. అందులో నున్నటి కాగితం మీద అచ్చేసిన పుస్తకం, దాని నిండా ఫ్యాక్టరీ ఫోటోలు ఉన్నాయి. వారంటు లేదు. నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని మధ్యాహ్నమంతా చదివాను. లాభం బాగానే వచ్చింది, ఆ లాభమంతా కొత్త ఫ్యాక్టరీకి వాడుతున్నాం, అందువల్ల ఈ ఏడు డివిడెండు ఇవ్వడం లేదు అని అందులో ఉంది. “ఇంకోసారి చదువు నాన్నా” అంది పెద్దమ్మ. మూడుసార్లు చదివించింది. మూడోసారి చదువుతుంటే నాకు ఏడుపు వచ్చింది.

ఆమె మాత్రం ఏడవలేదు. కంపెనీని తిట్టలేదు కూడా. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళ నాన్న గురించి చెప్పింది. ఆయనకు అద్దంకి దగ్గర కొంచెం పొలం ఉండేదట. పత్తి వేసేవాడు, మిరప వేసేవాడు, కానీ అన్నిటికంటే ముందు పొలంలో ఒక ముక్క, మావైపు చెక్క అంటారు, జొన్నకు విడిచిపెట్టేవాడు. పత్తికి మంచి ధర ఉన్న ఏడాది ఊళ్ళో వాళ్ళు తమ జొన్న చెక్కలు కూడా పత్తికి దున్నేస్తే, ఈయన దున్నలేదని నవ్వారట. “పత్తి చెడ్డదేం కాదురా. కలిసొస్తే అదే మేడలు కట్టిస్తుంది. కానీ ఆకలేసినప్పుడు దాన్ని వండుకు తినలేం కదా. తిండికి వేసుకునే చెక్క వేరు, ఆశకు వేసుకునే చెక్క వేరు. నేను తిండి చెక్కలో పత్తి వేశాను” అంది. కాసేపు ఊపిరి తీసుకుని ఇంకో మాట అంది. “వాడు ఏటా వస్తుందని చెప్పాడు చూడు, తెలిసి చెప్పాడా, తెలియక చెప్పాడా అని అడగాలని ఉంది. అడిగితే చిన్నబుచ్చుకుంటాడు. పోనీలే.”

ఆ నెల బల్ల మీద అద్దె డబ్బు లేదు. పెద్దమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, “మరిదిగారూ, మందులకు కాస్త సర్దుతారా” అని అడిగింది. నాన్న వెంటనే ఇచ్చాడు, అందులో ఆయన్ని తప్పుపట్టను. కూర్చోమని అమ్మ కుర్చీ జరిపింది. ఆమె కూర్చోలేదు. ఆ తరువాత కూడా ఆ కుర్చీలో ఆమె కూర్చోగా నేను చూడలేదు.

తరువాత రెండేళ్ళూ ఆ కంపెనీ ఏమీ పంపలేదు. మందుల కోసం పెద్దమ్మ షేర్లు కొంచెం కొంచెంగా, వచ్చిన ధరకు అమ్ముకుంది. అవి అయిపోయాక ఇంజెక్షన్లు వాయిదా వేయడం మొదలుపెట్టింది. నాన్నను డబ్బు అడుగు పెద్దమ్మా అని నేనంటే, మొన్ననే కదరా అడిగాను అనేది. మిరపకాయలు కళ్ళాలకు వచ్చి ఊరంతా ఘాటు నిండిన రోజుల్లో, ఊపిరి అందక పెద్దమ్మ పోయింది.

ఆ తరువాత కొన్నేళ్ళకు ఆ షేరు ధర బాగా పెరిగింది. డివిడెండు కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. ఈస్టరుకు ముందు పెద్దమ్మ సమాధికి సున్నం వేస్తుంటే అన్నయ్య, “ఉంచుకుని ఉంటే ఎంతయ్యేదో, నేను చెప్పలా?” అన్నాడు. బ్రష్షు నా చేతిలోనే ఉంది. సున్నం వేస్తూ పోయాను. అక్కడే ఒక మాట అనాల్సింది.

మా మేనకోడలికి మళ్ళీ చెబుతున్నాను. ఇప్పటి కంప్యూటర్ కంపెనీల్లో ఏటా డివిడెండు ఇచ్చేవి, పెంచేవి ఉన్నాయి. నేను చూశాను, కాదనను. టెక్నాలజీ కంపెనీ అయినంత మాత్రాన పనికిరాదని కాదు. ఎన్నేళ్ళుగా ఇస్తున్నారు, చెడ్డ ఏడు వచ్చినప్పుడు ఆపారా అని చూడు. రేపు ఇస్తామనేవాటిలో ఆశకు పక్కన పెట్టిన డబ్బు మాత్రమే పెట్టు. అమ్మ మందుల డబ్బు అందులో పెట్టకు. ఎవరైనా నా ముందు కాగితం పెట్టి సంతకం అడిగితే నేను ఇప్పటికీ మొదట అడిగేది, ఏటా ఇస్తున్నారా, ఎన్నేళ్ళుగా అనే. నాకు చాదస్తమని పేరు వచ్చింది. రానీ.

ఇక అన్నయ్యా, ఇది నువ్వు చదువుతావని నాకు తెలుసు. ఆమె నువ్వు చిన్నబుచ్చుకుంటావని అడగలేదు. నేను ఇప్పటికి ఎన్నోసార్లు అడిగాను, నువ్వు ప్రతిసారీ మాట మార్చావు. ఆ రోజు ఏటా పంపుతారని చెప్పినప్పుడు నీకు నిజం తెలుసా, తెలియదా? ఏదైనా ఇప్పుడు చేయగలిగింది లేదు, నిన్ను శిక్షించేవాళ్ళూ లేరు. ఒక్క మాట చాలు. తెలిసే చెప్పావా, తెలియక చెప్పావా? జవాబు చెప్పు.