పక్షి దగ్గరికి దారి

మా ఆయనది రాళ్ల మీద పేర్లు చెక్కే పని. ఇంటి గేటు పలకలు, ప్రారంభోత్సవాల పలకలు, సమాధి రాళ్లు, అన్నీ ఆ ఉలి కిందికి రావాల్సిందే. కొట్టుకి ఎవరొచ్చినా, చివరికి బడి పిల్లలొచ్చినా సరే, ముందు అడిగేది ఒక్కటే. "మీ పేరు ఎలా రాయాలండీ?" ఆ 'అండీ' లేకుండా ఉలి లేవదు. ఇంట్లో నాకు మాత్రం "ఏయ్, ఇలా రా" తప్ప ఇంకో పిలుపు లేదు. సర్లెండి, అది వేరే సంగతి.

రాతిపొడి ఛాతీలో చేరింది. ఇక ఉలి మానేయమన్నాడు డాక్టరు. మానేసి ఏం చేస్తాడు? ఊరి బయట పాత రాళ్ల క్వారీ ఉంది. ఏ రాజుల కాలంలోనో రాయి తీసి వదిలేసిన చోటు. ఎటు చూసినా బండలు, వాటిని చీల్చడానికి వరసగా తొలిచిన గుంటలు, సగం చెక్కి వదిలేసిన స్తంభాలు. సెలవొస్తే ఈయన మకాం అక్కడే. పాత కట్టడాల ఆఫీసు వాళ్లు అక్కడ కాపలాకి, వచ్చినవాళ్లకి అన్నీ చూపించడానికి ఒక మనిషిని పెట్టుకుంటారని తెలిసి దరఖాస్తు పెట్టాడు. అది వస్తే మనిషి దక్కుతాడని నా ఆశ.

ఆయన దగ్గర ఒక గుట్టు కూడా ఉంది. ఆ బండల సందుల్లో ఒక పక్షి. పనివాడెవడో తీరిక వేళ చెక్కుకున్నది, ఒక రెక్క సగంలోనే ఆగిపోయింది. ఆఫీసు వాళ్లు పిలిచిన రోజున దాన్ని తనే చూపించాలని దాచుకున్నాడు. దారి నాకు కూడా చెప్పలేదు మహానుభావుడు! చెప్పింది హారన్‌కి ఒక్కడికే. హారన్ అంటే వ్యాను డ్రైవరు, మా ఆయనకి బడి నాటి నేస్తం. గట్టిగా గొంతు సవరించుకుంటే గానీ మాట మొదలెట్టడు, అందుకని ఆ పేరు. దగ్గులో రక్తం పడిన రోజు ఈయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది అతనే. వ్యానులో నేను పక్కనే కూర్చుని ఉండగా, అతని చెవిలో రొప్పుతూ దారి చెప్పి, "నేను పోతే ఆ పక్షిని నువ్వు చూసుకోరా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది, కానీ అలిగే సమయమా అది?

మొన్న ఆదివారం హారనే వ్యాను తెచ్చాడు. "ఒరేయ్, నీ పక్షిని నేనింకా చూడనే లేదు. అందరం వెళ్దాం పదరా" అన్నాడు. వాళ్లిద్దరితో పాటు చదువుకున్న పెయింటర్ కూడా ఎక్కాడు. దారంతా పాటలే పాటలు. అన్నం డబ్బాలు నా చేతికే తగులుకున్నాయి, చెప్పేదేముంది.

రెండు పెద్ద బండలు ఒకదానికొకటి ఆనుకున్న చోట సందులోకి దూరాలి. లోపల చీకటి. ఈయన ఊపిరి తీసుకోవడానికి ఆగితే, హారన్ ముందుకెళ్లాడు. రెండు అడుగులేసి టక్కున వంగాడు. నేను వంగలేదు. పైనుంచి వేలాడే రాయి నా నుదుటికి ఠంగున తగిలింది. వెనక పెయింటర్‌కీ అదే సత్కారం.

"అమ్మో!" అని నేను నుదురు పట్టుకుంటే, మా ఆయన నావైపు చూడనే లేదు.

"అక్కడ వంగాలని నీకెలా తెలుసురా?" అన్నాడు.

"నువ్వే చెప్పావు కదా, వ్యానులో."

"చెప్పలేదు. ఈ సందుదాకా చెప్పి, ఊపిరాడక ఆపేశాను."

హారన్ గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.

"ఆఫీసు వాళ్లని ముందే తీసుకొచ్చానురా. నేనే కనిపెట్టానని చెప్పాను. ఉద్యోగం నాకిచ్చారు. నీ ఒంట్లో బాగోలేదు, ఎలాగూ నీకివ్వరు కదా అనుకున్నా. మెల్లగా చెబుదామనే ఇవాళ తీసుకొచ్చాను."

"మెల్లగా చెప్పడానికి నాచేత అన్నం డబ్బాలు మోయించావా? సిగ్గులేదూ?" అన్నాను. ఇన్నేళ్లూ అన్నయ్యగారూ అని పిలిచిన నోరే ఇది. పెయింటర్ తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. "మీకూ తెలుసా?"

"నాకు మొన్ననే తెలిసిందమ్మా..."

"మొన్న తెలిసి ఇవాళ పాటలు పాడుకుంటూ వచ్చారా!"

మా ఆయన లోపలికెళ్లి పక్షి ముందు కూలబడ్డాడు. సగం రెక్క మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. "నోరు తెరిచి నాలుగు తిట్టండి! లేదా ఒక్క దెబ్బైనా వెయ్యండి!" అని నేను ఏడుస్తూ అరిచాను.

ఆయన ఊరుకునేసరికి హారన్‌కి ధైర్యం వచ్చింది. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"గేటు దగ్గర పలక పెడతారట, పక్షిని కనిపెట్టినవాడి పేరుతో. నువ్వే చెక్కరా. నీలాంటి అక్షరం ఎవరికొస్తుంది?"

మా ఆయన లేచాడు. చేతుల దుమ్ము పంచెకి తుడుచుకున్నాడు. కొట్టుకి వచ్చినవాళ్లని చూసినట్టే హారన్ మొహంలోకి చూశాడు.

"చెక్కుతాను. మీ పేరు ఎలా రాయాలండీ?"

"ఒరేయ్... అలా అనకురా" అన్నాడు హారన్. గొంతు సవరించుకోవడం కూడా మర్చిపోయాడు.

"ఇంటిపేరు ముందు వెయ్యమంటారా, వెనకా?"